పాత కరెంటు సామానులో రాతినార – సభ్యుల బాధ్యత

మన ప్రాంతపు సేద్యమునకు విద్యుచ్ఛక్తి యెంత యుపకరించినదో సభ్యులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. మోట తోలు ఎద్దుల యలసట తీరినది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు వరికిని, పసుపునకును, మామిడి తోటలకును బావినీరు మీట నొక్కగానే పాఱుచున్నది. సిరిసిల్లలో వేలకొలది మరమగ్గములు ఆ శక్తితోనే ఆడుచున్నవి. సిరిసిల్ల విషయమున మనకు మఱియొక గర్వకారణము గలదు. 1969వ సంవత్సరమున గ్రామీణ విద్యుదీకరణ సంస్థ యేర్పడిన పిమ్మట, దేశమున మొట్టమొదట ప్రయోగముగా నెలకొల్పబడిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘ మొకటి. 1970లో పని నారంభించిన యా సంఘము నేటికిని నిలిచియున్నది. అచట కరెంటు వాడుకొను రైతే సంఘమునకు యజమాని.

యజమానికి హక్కు లెన్ని గలవో బాధ్యతలును అన్ని గలవు. అట్టి బాధ్యతలలో నింతవఱకు మన సభలలో నెవ్వరును ప్రస్తావింపని దానిని గుఱించి యీ వ్యాసమున విన్నవింపదలచితిని. పాత స్టార్టర్లు, పాత ఫ్యూజు పెట్టెలు, పాత స్విచ్చిబోర్డులు, కాలిన పాత మోటార్లు, వీనిని విప్పి బాగుచేయువారును, పగులగొట్టి రాగియు ఇనుమును వేఱుచేయువారును, రాతినార ధూళిని పీల్చు ప్రమాద మున్నది. ఆ ధూళి వెంటనే చంపదు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లు గడచిన తరువాత చంపును. ఈ కారణముననే దీనిని గుఱించి యందఱును ఉపేక్ష వహించుచున్నారు. ఈ కారణముననే మన ముపేక్షింపరాదు.

రాతినార యనగా నేమి? ఇది భూమినుండి త్రవ్వితీయు నొక ఖనిజము. చూచుటకు రాయి, చీల్చినచో ప్రత్తివలె, జనుమువలె పోగులు పోగులుగా విడిపోవును. ఆంగ్లమున దీనిని ఆస్‌బెస్టాస్ అందురు. మన తెలుగుదేశముననే కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనులలో తెల్ల రాతినార త్రవ్వబడినది. దీనిని సిమెంటుతో కలిపి పలుచని రేకులుగా పోయుదురు. 1946లో హైదరాబాదున స్థాపింపబడిన కర్మాగారమునుండి వెడలిన చార్మినార్ రేకులు మన పల్లెలలో పశువుల కొట్టములపైనను, బడులపైనను, ఇండ్లపైనను పరచుకొనియున్నవి. కావున రాతినార మనకు పరాయి వస్తువు కాదు. మన నెత్తిమీదనే యున్నది. అయితే రేకులలో నున్నదని యెఱిగినవారు సైతము కరెంటు సామానులో నున్నదని యెఱుగరు.

విద్యుత్ యంత్రములు చేయువారికి రాతినార యెందుకు ప్రీతిపాత్రమయ్యెను? అది కాలదు, వేడిని దాటనీయదు, నిప్పురవ్వకు చెడదు, ధర తక్కువ. కావున గత శతాబ్దమున ప్రపంచ మంతటను దీనిని కరెంటు సామానులో విరివిగా వాడిరి. మార్చుకొను తీగెగల పాత పింగాణి ఫ్యూజులలో, తీగె కాలినప్పుడు మంట పైకి రాకుండుటకై, తెల్లని మెత్తని యల్లిక పట్టీయో గొట్టమో యుంచెడివారు; అది రాతినార. పెద్ద స్టార్టర్లలోను కాంటాక్టర్లలోను స్పార్కు సాగకుండ నడ్డగించు పలకలలో నది యుండెడిది. స్విచ్చులు బిగించు నల్లని, బూడిదరంగు దళసరి బోర్డులలోను, కొన్ని బేకలైటు పోతలలోను కలిపెడివారు. వేడి తగులు చోట తీగెలకు దానినే చుట్టెడివారు. పాత మోటార్ల వైండింగునకు వాడిన యొక తరగతి ఇన్సులేషనులో అభ్రకము, గాజునార, రాతినార యీ మూడును చెల్లుబాటై యుండెను. ఇక రైతు తన చేతితో ముట్టు వస్తువొకటి గలదు: పంపు గ్లాండులో నీరు కారకుండ చుట్టు గ్రాఫైటు పూసిన చదరపు తాడు. పాత కాలపు తాడు పెక్కుపట్ల రాతినార తాడే. ఆయిలు ఇంజిను పొగగొట్టమునకు చుట్టిన పట్టీయు, హెడ్డు గాస్కెట్టును, ట్రాక్టరు బ్రేకు పట్టీయు నట్టివే.

ఇటీవలి మోటార్ల విషయము వేఱు. నీటిలో మునుగు మోటారు చుట్టుతీగెకు ప్లాస్టిక్ పొర యుండును. ఇతర మోటార్లకును ఎనామెలు తీగె, ప్లాస్టిక్ కాగితము, గాజునార వాడుచున్నారు. క్రొత్త సామాను జూచి భయపడనక్కఱలేదు. మనము జాగ్రత్తపడవలసినది తాత తండ్రుల నాటి సామానును గుఱించి. ఆ సామానే యిప్పుడు మూలపడి, వేలమునకు పోయి, సుత్తి దెబ్బలకు పగులుచున్నది.

రాతినార చేయు కీడును సరిగా గ్రహింపవలెను. ముట్టుకొన్నంతమాత్రమున నది విషము కాదు. ఒకరినుండి మఱియొకరికి అంటురోగము కాదు. దాని ధూళిని పీల్చుటయే ప్రమాదము. ఒక్కొక్క పోగు వెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్నమై కంటికి కనబడక గాలిలో గంటలకొలది తేలుచుండును. మామూలు దుమ్మును ముక్కు వెండ్రుకలును గొంతు కఫమును చాలవఱకు పట్టివేయును. ఈ పోగు వానిని దాటి ఊపిరితిత్తుల యడుగునకు చేరును. అచ్చట నది కరగదు, కుళ్లదు. శరీరము దానిని తొలగింపజాలక చుట్టును గట్టి మచ్చ కట్టును. అట్టి మచ్చలు పెరిగి ఊపిరితిత్తి తోలువలె బిగిసిపోవుటయే ఆస్‌బెస్టోసిస్ అను రోగము. నాలుగడుగులు నడచినంతనే ఆయాసము, వదలని పొడిదగ్గు దాని లక్షణములు. ఊపిరితిత్తుల క్యాన్సరు దీనివలన కలుగును. ఊపిరితిత్తులను, కడుపును కప్పియుండు పలుచని పొరకు పుట్టు మెసోథీలియోమా యను క్యాన్సరు దాదాపుగా దీనివలననే కలుగును. దానికి కుదిర్చెడి మందు నేటికిని లేదు.

ఈ జ్ఞానము నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున రాతినార నూలు వడకు కార్మికురాలు నెల్లీ కెర్షా 1924లో మరణింపగా, డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి వైద్యపత్రికలో ప్రకటించెను. 1930లో బ్రిటిషు ప్రభుత్వపు తనిఖీదార్లు కార్మికులను పరీక్షించి నివేదిక వ్రాసిరి. మఱుసటి యేడు నిబంధనలు వచ్చెను. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరు పండితుడు, ఆయన సహచరులును నీలి రాతినార గనుల ప్రాంతమున 33 మెసోథీలియోమా రోగులను గూర్చి ప్రకటించిరి. వారిలో గనిలో దిగినవారేకాక, గని సమీపమున నివసించినవారును ఉండిరి. తెల్లది, నీలిది, గోధుమరంగుది యను భేదము లేక రాతినార యంతయు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. పనిచోట దీనిని పీల్చినందువలన ప్రపంచమున ఏటేట రెండు లక్షలకు పైగా జనులు చనిపోవుచున్నారని ఆ సంస్థ యంచనా.

మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి సంబంధించినది బ్రిటను దేశపు మఱియొక యనుభవము. అచ్చట నీలి, గోధుమ రాతినారలు 1985లోను, తెల్లది 1999లోను నిషేధింపబడినవి. 2009లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో వృత్తులవారీగా లెక్క తీసిరి. 1940 దశకమున పుట్టి, ముప్పది యేండ్లు నిండకముందే పదేండ్లకు మించి పనిచేసిన వడ్రంగులలో పదునేడుగురి కొకరికి, అట్లే పనిచేసిన ఎలక్ట్రీషియనులు, గొట్టముల పనివారు, రంగులు వేయువారిలో ఏబదిమంది కొకరికి మెసోథీలియోమా వచ్చు ప్రమాద మున్నట్లు తేలెను. వీరెవ్వరును రాతినార మిల్లులో పనిచేసినవారు కారు. గోడకు రంధ్రము చేసినవారు, బోర్డు కోసినవారు, తీగె లాగినవారు. తాము రాతినారతో పనిచేయుచున్నామని వీరిలో పెక్కుమందికి తెలియనే తెలియదు. మిల్లు కార్మికునకు కనీసము తన మిల్లు పేరైన తెలియును. ఎలక్ట్రీషియనుకు తన ముందున్న పెట్టెలో నేమున్నదో తెలియదు. మనవారి స్థితియు నిదియే.

మన పల్లెలలో వైండింగు దుకాణమున జరుగు పనిని సభ్యులందఱును చూచియే యుందురు. వోల్టేజి తగ్గియో, ఒక ఫేజు పోయియో మోటారు కాలును. నాట్ల సమయమున నీరు నిలిచినచో మడి యెండునని రైతు తొందరించును. పనివాడు కాలిన చుట్టలను మంటలో వేసి మెత్తబఱచి పెఱికివేయును, గాడులలోని బూడిదను నోటితోనో గాలిపంపుతోనో ఊదును, ఉప్పుకాగితముతో గీకును. సాయంకాలము చీపురుతో దుమ్మంతయు వీధిలోనికి ఊడ్చును. ఆ ప్రక్కనే పదునాలుగు, పదునేను ఏండ్ల బాలుడు పని నేర్చుకొనుచుండును. మోటారు క్రొత్తదైనచో ఆ దుమ్ము ఒట్టి దుమ్మే కావచ్చును. పాతదైనచో ఆ బాలుడు తన ఏబదియవ యేట రాబోవు రోగమును ఆనాడే పీల్చుచున్నాడు. పాత ఇనుము కొనువాని దొడ్డిలో స్టార్టరు పగులగొట్టి రాగిబిళ్లలు తీయు స్త్రీల స్థితియు నంతియే. రాగికి ధర గలదు, ఇనుమునకు ధర గలదు. తెల్లని అల్లిక పట్టీకి ధర లేదు గనుక దానిని చీల్చి నేలపై పారవేయుదురు.

ఇంతేకాదు. మూతపడిన కర్మాగారములను విప్పునప్పుడు బాయిలర్ల చుట్టును, ఆవిరి గొట్టముల చుట్టును ఉన్న పాత కప్పులను మొదట పరీక్షింపక పెఱుకరాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు చెఱకు రైతులకు ఆధారమైయుండిన ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. అది మఱల తెఱవబడుటయే మన కోరిక. కాని ఆ కర్మాగారమే కానిండు, మఱి యేదే కానిండు, పాత యంత్రములు కదలించు నాడు ఆ పనికి పోవువారు మన పిల్లలే. గల్ఫు దేశములకు పోయి పాత భవనములు కూల్చు పనిలోను, గొట్టములకు కప్పులు చుట్టు పనిలోను యౌవనమును గడపి వచ్చినవారును మన గ్రామములలో గలరు. వారికి ఆయాసము వచ్చినచో వైద్యుడు క్షయయో ఉబ్బసమో యనుకొనవచ్చును. నేను ఫలానా పని ఇన్నియేండ్లు చేసితినని రోగి తానై చెప్పనిదే వైద్యునకు అసలు కారణము తోచదు.

బీడీని గుఱించియు నొకమాట. 1979లో అమెరికాలో ప్రకటింపబడిన లెక్కలలో, పొగత్రాగక రాతినార పనిచేసినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు వలని మరణము సామాన్యులకంటె సుమారు ఐదు రెట్లును, పొగత్రాగుచు ఆ పని చేసినవారికి సుమారు ఏబది రెట్లును ఉన్నట్లు కనబడెను. మన కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టి బ్రతుకు కుటుంబములు అనేకములు. అందువలన బీడీ మనకు సులభముగా దొరకును. ఈ పని చేయువాడు బీడీ మానుట మందుకంటె మేలు.

ఇట్లు చెప్పినప్పుడు కొన్ని ఆక్షేపణలు వినబడుచుండును. వానికి సమాధానము చెప్పుట ధర్మము.

“మన యూరిలో దీనివలన చచ్చినవా డెవడు?” అని మొదటి ఆక్షేపణ. పైరులో తెగులు కనబడుటకు వారము చాలును. ఈ తెగులు కనబడుటకు నలువది యేండ్లు పట్టును. అప్పటికి దుకాణము మూతపడియుండును, యజమాని చనిపోయియుండును, పనివాడు తాను ఏ పెట్టె విప్పెనో మఱచియుండును. లెక్క వ్రాయనిచోట చావు కనబడదు; కనబడనిది లేనిదని యెంచుట లెక్కలెఱిగిన సహకారులకు తగదు.

“ప్రభుత్వమే రేకులను నిషేధింపలేదు గదా” అని రెండవది. నిజమే. అరువదికి పైగా దేశములు నిషేధించినను, 2024 మార్చిలో అమెరికా సైతము తెల్ల రాతినారను నిషేధించినను, మనదేశమున గనుల త్రవ్వకము నిలిచినను, విదేశములనుండి దిగుమతియు రేకుల తయారియు సాగుచునే యున్నవి. కాని నిషేధము లేనంతమాత్రమున పనివానిని కాపాడు బాధ్యత పోదు. 1995 జనవరి 27వ తేదీన సుప్రీంకోర్టు ఈ విషయముననే తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారగు న్యాయమూర్తి కె. రామస్వామిగారు. పనివాని ఆరోగ్యము వాని జీవించు హక్కులో భాగమని అందులో స్పష్టపఱచిరి. రాతినార పనివాని ఆరోగ్యపు లెక్కను పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లవఱకో, పని మానిన తరువాత 15 ఏండ్లవఱకో, ఏది తరువాత వచ్చునో అంతవఱకు భద్రపఱపవలెననియు, రోగము నిర్ధారణయైనవారికి లక్ష రూపాయల పరిహార మీయవలెననియు ఆజ్ఞాపించిరి. రాతినార కర్మాగారములకై యిచ్చిన యా ఆజ్ఞలోని న్యాయము మన సబ్‌స్టేషనునకును, మన వైండింగు దుకాణమునకును తగినదే.

“మా యింటిమీదనే రేకు లున్నవి, ఇక స్టార్టరుకు భయపడుట యేల?” అని మూడవది. రేకు పగులకుండ, అరగకుండ, దానిని కోయకుండ, తొలువకుండ, గీకకుండ ఉన్నంతకాలము ధూళి మిక్కిలి తక్కువ. పోగు సిమెంటులో బందీయై యుండును. కావున ఎవ్వరును తొందరపడి రేకులు పగులగొట్టరాదు. అదియే యెక్కువ ప్రమాదము. మార్చవలసినప్పుడు నీటితో తడిపి, బోల్టులు విప్పి, నిండురేకుగా దింపవలెను. స్టార్టరులోని పలకయు, ఫ్యూజులోని అల్లికయు నట్టివి కావు. అవి ఏండ్ల తరబడి వేడికి పెళుసెక్కి యుండును, ముట్టగానే పొడియగును.

“ఇందుకు ఖర్చెవరు పెట్టుదురు?” అని నాలుగవది. దీనిలో ఖర్చుకంటె క్రమశిక్షణ హెచ్చు. తడిపి పనిచేయుటకు కావలసినది బకెట్టెడు నీరు. అయితే ఆ పెట్టెకు కరెంటు పూర్తిగా తీసివేసి, విప్పి క్రింద పెట్టిన పిదపనే తడుపవలెను. కరెంటున్న సామానుపై నీరు చల్లుట ప్రాణాపాయము. ఊదుటకు బదులు తడిగుడ్డతో తుడువవలెను. ఊడ్చుటకు బదులు తడిపి ఎత్తవలెను. ముఖమునకు కట్టుకొను రుమాలు ఈ పోగును ఆపదు. సన్నని ధూళిని ఆపుటకై చేసిన, ముఖమునకు సందులేకుండ బిగియు ముసుగే పనికివచ్చును. విప్పిన అల్లికను, పలకను తడిగానే రెండు దళసరి ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో నొకటిగా కట్టి, పైన పేరు వ్రాసి వేఱుగా నుంచవలెను. పెంటకుప్పలో వేయరాదు, కాల్చరాదు, పొలమున పాతరాదు. ఆ పని దుస్తులు ఇంటికి తీసికొనిపోరాదు. భర్తల దుస్తులు దులిపి యుదికినందుననే భార్యలు ఈ రోగమునకు లోనైన ఉదంతములు పాశ్చాత్య దేశములలో నెన్నో గలవు.

పాత సామానులో రాతినార గలదో లేదో కంటితో చూచి నిర్ణయింపవీలుకాదు, ప్రయోగశాలలోనే తేలును. కావున పరీక్ష జరుగునంతవఱకు ఉన్నట్లే యెంచి నడుచుకొనుట సురక్షిత మార్గము. విత్తనము మొలకెత్తునో లేదో తేలకముందు ఎకరమంతయు చల్లు రైతుండడు గదా!

ఇక సహకార సంఘములు చేయవలసిన పనులు నాకు తోచినంతవఱకు ఇవి. సిరిసిల్ల విద్యుత్ సంఘము గాని, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములకు కరెంటు నిచ్చు ఉత్తర ప్రాంత పంపిణీ సంస్థ గాని, తమ గిడ్డంగులలోను సబ్‌స్టేషనులలోను ఉన్న పాత సామానుకు జాబితా వ్రాయించి, అనుమానముగల వస్తువులకు గుర్తు వేయింపవలెను. అట్టి సామానును గుర్తు లేకుండ పాత ఇనుము వేలములో అమ్మరాదు; అమ్మినచో మన ప్రమాదమును మఱియొక పేదవాని కంటగట్టినట్లగును. రాతినార వ్యర్థమును హైదరాబాదు చెంత దుండిగల్‌లో నున్నట్టి ప్రమాదకర వ్యర్థముల కేంద్రమునకు పంపవలెను. క్రొత్తగా కొను ప్రతి వస్తువునకును “ఇందులో రాతినార లేదు” అని అమ్మకపుదారుచే వ్రాయించుకొనవలెను. మన వ్యవసాయ సహకార సంఘములు పంపు గ్లాండుతాడు, గాస్కెట్లు అమ్మునప్పుడును ఈ నియమమే పాటింపవలెను. రాతినార లేని తాడు బజారున దొరకుచున్నది. పాత సామాను విప్పిన ప్రతి లైన్‌మను, హెల్పరు, కాంట్రాక్టు కూలి పేరును, చేసిన పనిని, సంవత్సరమును ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఈ పుస్తకము నేడు పనికిరానట్లు తోచును. ముప్పదియేండ్ల తరువాత ఒక విధవరాలు పరిహారమున కర్జీ పెట్టుకొన్ననాడు అదియే యామెకు సాక్ష్యము. కూలివాడు కాంట్రాక్టరు మనిషియని మినహాయింపరాదు. ధూళి ఆ భేదము నెఱుగదు.

సంఘము చేయునని సభ్యులు ఊరకుండరాదు. మోటారు బాగునకు తెచ్చు రైతు “త్వరగా” అనుటతోపాటు “తడిపి చేయుము, పిల్లవానిని దూరముగా నుంచుము” అని యొకమాట అనగలడు. అందువలన పని గంట యాలస్యమైన కావచ్చును. ఆ గంటకు మన పైరు ఎండిపోదు.

కంపెనీలో వాటాదారుడు లాభమును మాత్రమే చూచుకొని “నేను యజమానిని కాను, కంపెనీ యజమాని” అని తప్పించుకొనవచ్చును. సహకార సంఘ సభ్యునకు ఆ వీలు లేదు. స్తంభ మెక్కువాడు మనవాడు, స్తంభమును మనదే. వాని ఊపిరితో మన కరెంటును చౌక చేసికొనుట సహకారము కాదు. కావున రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ క్రింది తీర్మానమును చర్చకు పెట్టవలెనని నా మనవి: “సంఘమున గల పాత విద్యుత్ సామానులో రాతినారను గుర్తించి జాబితా వ్రాయుటకును, దానిని విప్పు పనివారి పేర్లు నలువది యేండ్లు భద్రపఱచుటకును, గుర్తింపని సామానును వేలము వేయకుండుటకును ఈ సభ తీర్మానించుచున్నది.” చేతులెత్తుటకు నిమిషము చాలును. ఎత్తిన చేతులు మఱచిపోకుండ మఱుసటి యేటి సభలో ఆ జాబితా యేదని యడుగుటయే అసలు పని.